రియాక్టర్ ఆగినా వేడి ఆగదు: అణు కేంద్రాల్లో తీవ్ర ప్రమాదానికి ప్రణాళిక ఎలా ఉండాలి?

క్లుప్తంగా: అణు విద్యుత్ కేంద్రాన్ని ఆపేయడం సెకన్ల పని. ఆపాక అందులో మిగిలిన వేడిని రోజుల తరబడి తీసేస్తూ ఉండటమే కష్టం. కరెంటు, రోడ్డు, ఫోను పనిచేస్తాయన్న లెక్క మీద రాసుకున్న ప్రణాళిక అవి లేని రోజున పనికిరాదని 2011లో జపాన్‌లోని ఫుకుషిమా ప్రమాదం చూపించింది. గేటు బయట ఉన్న జనం విషయంలో ఆ ప్రణాళిక లోపలి కంటే బలహీనంగా ఉంటోంది. కొవ్వాడ వంటి కొత్త ప్రాజెక్టులకు ఈ ప్రశ్నలు ఇప్పుడే ముఖ్యం.

2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ సామర్థ్యం సాధించాలని 2025 కేంద్ర బడ్జెట్‌లో లక్ష్యం పెట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. ఆ ఊరి పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ చర్చ రెండు మాటల మధ్య ఇరుక్కుంటుంది. ఒకరు ప్రమాదం జరగనే జరగదంటారు. మరొకరు జరిగితే ఇక ఏమీ మిగలదంటారు. ఈ రెండు మాటల్లో ఏది నమ్మినా ప్రణాళికతో పని ఉండదు. నిజానికి ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రమాదాల్లో నష్టం ఎంతన్నది చాలావరకు ముందుగా ఏం సిద్ధం చేసుకున్నారన్న దాని మీదే తేలింది.

మంట ఆర్పినా నిప్పులు ఉంటాయి

కట్టెల పొయ్యి మీద వండేవాళ్లకు తెలుసు, మంట ఆర్పినా నిప్పుల వేడికే అన్నం అడుగంటుతుంది. రియాక్టర్‌లోనూ అంతే. నియంత్రణ కడ్డీలు దిగిన వెంటనే యురేనియం విచ్ఛిత్తి ఆగిపోతుంది. కానీ అప్పటిదాకా పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఇది పూర్తి ఉష్ణ సామర్థ్యంలో 6 నుంచి 7 శాతం. అంటే 3,000 మెగావాట్ల వేడి పుట్టించే రియాక్టర్‌లో సుమారు 200 మెగావాట్లు. ఒక రోజు గడిచేసరికి అర శాతం దగ్గరికి, అంటే 15 మెగావాట్లకు తగ్గుతుంది.

చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ 15 మెగావాట్ల వేడికి గంటకు ఇరవై టన్నులకు పైగా నీరు ఆవిరైపోతుంది. అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు గంటకు రెండు, పగలూ రాత్రీ, ఒక్కటి కూడా ఆలస్యం కాకుండా అందుతూ ఉండాలి. మొదటి గంటలో అవసరం దీనికి కొన్ని రెట్లు.

ఆ నీరు అందకపోతే నీటి మట్టం తగ్గి ఇంధన కడ్డీలు బయటపడి వేడెక్కుతాయి. కడ్డీల పైతొడుగు జిర్కోనియం మిశ్రమ లోహం. మన దేశపు రియాక్టర్లకు ఈ గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. మామూలు వేడిలో ఎంతో నమ్మకమైన లోహం ఇది. కానీ 1,200 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆవిరితో చాలా వేగంగా చర్య జరిపి మరింత వేడిని, దాంతోపాటు హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే అంటుకునే స్థితి వస్తుంది. ఇంకా వేడి పెరిగితే ఇంధనం కరిగి ఉక్కు పాత్ర అడుగుకు జారుతుంది, ఆ పాత్రనూ దాటితే కింద ఉన్న కాంక్రీటును తింటూ పోతుంది. రంగంలోని వాళ్లు తీవ్ర ప్రమాదం అనేది ఈ దశనే. గొట్టం పగలడం, పంపు ఆగడం వంటివి డిజైన్‌లోనే లెక్కలోకి తీసుకున్న ప్రమాదాలు. తీవ్ర ప్రమాదం ఆ లెక్క దాటిపోయినది.

ఐదు అంచెల రక్షణ

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పే రక్షణ విధానంలో ఐదు అంచెలున్నాయి. లోపం రాకుండా చూడటం, వస్తే వెంటనే సరిదిద్దడం, ప్రమాదంగా మారితే భద్రతా వ్యవస్థలతో అదుపు చేయడం మొదటి మూడు. ఇంధనం దెబ్బతిన్నాక రేడియోధార్మికత విడుదలను కట్టడి చేయడం నాలుగోది. విడుదల జరిగితే బయటి ప్రజలను కాపాడటం ఐదోది. డబ్బు, శ్రద్ధ, పరిశోధన చాలాకాలం మొదటి మూడింటికే వెళ్లాయి. ఆ మూడు గట్టిగా ఉంటే మిగతా రెండూ అవసరపడవన్న ధీమా ఉండేది.

ఆ ధీమాను మొదట కదిలించింది 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో జరిగిన త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం. అక్కడ పెద్ద గొట్టమేదీ పగల్లేదు. ఒత్తిడి తగ్గించే వాల్వ్ ఒకటి తెరుచుకుని మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లోని దీపం మాత్రం మూసుకోమని ఆదేశం వెళ్లిందనే చూపింది. వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో చూపే ఏర్పాటు లేదు. నీరు ఎక్కువైందనుకుని సిబ్బంది చల్లబరిచే నీటిని తగ్గించారు. రియాక్టర్ గుండెలో సగం దాకా కరిగింది. రేడియోధార్మికతను లోపలే ఆపేందుకు చుట్టూ కట్టిన కంటైన్‌మెంట్ భవనం నిలబడినందువల్ల బయటికి వచ్చింది చాలా తక్కువ.

ఆ తర్వాత మార్గదర్శకాలు రాసే పద్ధతే మారింది. ఏం పాడైందో కనిపెట్టి దానికి తగ్గ పేజీ తెరవండి అనే తీరు పోయింది. వేడి ఎంత, ఒత్తిడి ఎంత, నీటి మట్టం ఎక్కడ అని లక్షణాలు చూసి నడుచుకునే తీరు వచ్చింది. జ్వరం కారణం తెలిసేదాకా ఆగకుండా ముందు ఒళ్లు చల్లబరచడం లాంటిది ఇది. ఇంకో మెట్టు కూడా చేరింది. నీటిని మరగనివ్వకుండా అధిక ఒత్తిడిలో ఉంచే ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లలో చాలావాటిలో ఇంధనం పైభాగం నుంచి వచ్చే నీరో ఆవిరో 650 డిగ్రీలు దాటితే అత్యవసర పుస్తకం పక్కనపెట్టి తీవ్ర ప్రమాద మార్గదర్శకాలు తెరవాలి. అప్పటిదాకా లక్ష్యం ఇంధనాన్ని కాపాడటం. ఆ గీత దాటాక కంటైన్‌మెంట్‌ను కాపాడటమే మొదటి పని. యంత్రం పోయినా పర్వాలేదు, లోపలిది బయటికి రాకూడదు.

రాతలో తేలికగా ఉండే ఈ మలుపు ఆచరణలో చాలా బరువైనది. రియాక్టర్‌లోకి సముద్రపు నీరు పంపితే అది మళ్లీ పనికిరాదు. వేల కోట్ల ఆస్తిని వదులుకునే ఆ నిర్ణయం షిఫ్ట్ ఇన్‌ఛార్జి తీసుకోవచ్చా, ప్రధాన కార్యాలయం అనుమతి కావాలా, ప్రభుత్వం చెప్పాలా? ప్రణాళికలో దీనికి ఒక్క పేరే ఉండాలి. ఫుకుషిమాలో 2011 మార్చి 12న ఒకటో యూనిట్‌లోకి సముద్రపు నీరు పంపడం మొదలయ్యాక ఆపమని పైనుంచి ఫోను వచ్చింది. కేంద్రం అధిపతి మసావో యోషిదా ఆపుతున్నట్టు పైకి చెప్పి, లోపల కొనసాగించారు. ఆ తెగువ వల్ల మేలే జరిగింది. అయితే ఒక మనిషి ఆదేశం ధిక్కరిస్తేనే సరైన పని జరిగే పరిస్థితి ఉందంటే, అధికారం ఎవరిదో ముందుగా తేల్చలేదన్నమాట.

ఫుకుషిమా: పుస్తకం ఉంది, వెలుతురు లేదు

2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఫుకుషిమా దాయిచీలో నడుస్తున్న మూడు రియాక్టర్లూ అనుకున్నట్టే ఆగిపోయాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తర్వాత దాదాపు 15 మీటర్ల అల వచ్చింది. కేంద్రం తట్టుకోగలదని లెక్కగట్టిన అల ఎత్తు సుమారు 6 మీటర్లే, ఒకటి నుంచి నాలుగు యూనిట్లు ఉన్న నేల ఎత్తు 10 మీటర్లు. జనరేటర్లు, విద్యుత్ ప్యానెళ్లు, ఒకటో, రెండో యూనిట్లలో బ్యాటరీలు కూడా మునిగాయి.

అక్కడ తీవ్ర ప్రమాద మార్గదర్శకాలు లేకపోలేదు. జపాన్‌లో 1990ల నుంచే కంపెనీలు వాటిని స్వచ్ఛందంగా రాసుకున్నాయి. అయితే లైన్లో జనరేటర్లో త్వరగా బాగవుతాయి కాబట్టి దీర్ఘకాలం కరెంటు లేకపోవడాన్ని ప్రత్యేకంగా పట్టించుకోనక్కర్లేదని 1990 నాటి భద్రతా నిబంధనలే చెప్పాయి. మిగతా పుస్తకమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. మీటర్లు పనిచేస్తాయని, వాల్వులు స్విచ్‌తో తెరుచుకుంటాయని అనుకుని రాసిన పేజీలు చీకటి కంట్రోల్ రూమ్‌లో అక్కరకు రాలేదు. సిబ్బంది కార్ల నుంచి బ్యాటరీలు ఊడదీసి తెచ్చి, వాటిని కలిపి మీటర్లు చదివారు.

ఒకటో యూనిట్ కంటైన్‌మెంట్ ఒత్తిడి తగ్గించేందుకు ఆవిరిని బయటికి వదలాలని అర్ధరాత్రి అనుకుంటే, అది జరిగినట్టు కనిపించింది మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు. వాల్వు తిప్పేందుకు కరెంటు లేదు, గాలి పీడనం లేదు, చేతితో తెరవడానికి వెళ్లినవాళ్లను రేడియేషన్ వెనక్కి తిప్పింది. పక్క ఊరు ఖాళీ అయిందో లేదో కబురు అందేదాకా ఎదురుచూశారు కూడా. ఇంకో గంటకు హైడ్రోజన్ పేలింది. రెండో యూనిట్‌కు కరెంటు ఇచ్చేందుకు ఎంతో కష్టపడి అప్పుడే వేసిన కేబుల్ ఆ పేలుడులో దెబ్బతింది. ఒకే ఆవరణలో అనేక రియాక్టర్లు ఉంటే ఒకదాని ప్రమాదం పక్కదాని సహాయక చర్యలను చెడగొడుతుందన్న సంగతి ప్రణాళికల్లో అప్పటిదాకా సరిగ్గా లేదు. ఆరు రియాక్టర్ల కొవ్వాడకు ఇది నేరుగా వర్తించే పాఠం.

అదే ఆవరణలో ఐదు, ఆరు యూనిట్లు బతికి బయటపడ్డాయి. ఆరో యూనిట్‌కు చెందిన, గాలితో చల్లబడే ఒకే ఒక్క జనరేటర్ మునగలేదు. రెండు యూనిట్లనూ అదే గట్టెక్కించింది.

భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా అణు కేంద్రం సంగతి చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. దాన్ని 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. భూకంపానికి ఆ నేల మీటరు దాకా కుంగినా, వచ్చిన 13 మీటర్ల అల ప్రధాన భవనాల దాకా ఎక్కలేదు. బయటి ఐదు విద్యుత్ లైన్లలో ఒకటి మిగిలింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం మూడు వందల మందికి పైగా ఆ కేంద్రంలోనే తలదాచుకున్నారు. ఫుకుషిమా యాజమాన్యం సొంత లెక్కల్లోనే 2008లో 15.7 మీటర్ల అల రావచ్చని తేలింది. చర్య మాత్రం వాయిదా పడింది. జపాన్ పార్లమెంటు వేసిన స్వతంత్ర కమిషన్ 2012లో ఈ ప్రమాదాన్ని మనుషులు కొనితెచ్చుకున్నదిగా తేల్చడానికి ఇలాంటి వాయిదాలే కారణం.

నరోరాలో 17 గంటలు

మన దేశానికీ ఇలాంటి అనుభవం ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి 17 గంటల పాటు కేంద్రంలో కరెంటే లేదు. మంటలార్పే డీజిల్ పంపులతో, రియాక్టర్ వేడితో ఆవిరిని తయారుచేసే స్టీమ్ జనరేటర్లకు నీరు పంపి రియాక్టర్‌ను చల్లబరిచారు. పంపుల్లేకపోయినా వేడి నీరు పైకి, చల్లనిది కిందికి సహజంగా తిరిగే డిజైన్ కావడం కలిసొచ్చింది. సిబ్బంది చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, అణుచర్య మళ్లీ మొదలవకుండా ఆపే బోరాన్ ద్రావణం వదిలారు.

2004 డిసెంబర్ 26న కల్పాక్కం పంపుహౌస్‌లోకి సునామీ నీరు వచ్చింది. నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగా ఆపగలిగారు, అత్యవసర విద్యుత్ నిలిచింది. ఈ రెండు చోట్లా ప్రమాదం తీవ్ర దశకు వెళ్లలేదు. ఫుకుషిమా కంటే 18 ఏళ్ల ముందే నరోరా చెప్పిన పాఠం మాత్రం ఒకటే: కరెంటుతో సంబంధం లేని ఇంకో దారి ఉండాలి, దాన్ని వాడటం చేతికి అలవాటై ఉండాలి.

2011 తర్వాత ప్రపంచమంతా ఆ దిశగానే కదిలింది. బయటి నుంచి గొట్టం తగిలించి నీరు పంపే హుక్-అప్ పాయింట్లు, ట్రక్కు మీద తెచ్చే పంపులు, కరెంటు లేకుండా హైడ్రోజన్‌ను నీరుగా మార్చే రీకాంబైనర్లు మన కేంద్రాల్లోనూ వచ్చాయి. కూడంకుళంలో కరిగిన ఇంధనాన్ని పట్టి ఉంచే కోర్ క్యాచర్ మొదటి డిజైన్‌లోనే ఉంది. ఫ్రాన్స్ ఏ కేంద్రానికైనా 24 గంటల్లో చేరే ప్రత్యేక దళాన్ని తయారుచేసుకుంది. అమెరికా మెంఫిస్‌లోనూ ఫీనిక్స్‌లోనూ పరికరాల గిడ్డంగులు పెట్టింది. స్వీడన్ వీళ్లందరికంటే ముందే మేల్కొంది. త్రీ మైల్ ఐలాండ్ చూశాక, 1985లోనే బార్సెబెక్ కేంద్రంలో బయటికి వదిలే ఆవిరిని వడకట్టే భారీ ఫిల్టర్ కట్టింది. ఆ ప్రమాదం తమ దేశంలో జరగకపోయినా నేర్చుకున్నారు.

గేటు బయట

లోపలి ప్రణాళిక ఇంజనీర్ల చేతిలో ఉంటుంది. బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం, బస్సు డ్రైవర్లు, నర్సులు, మైకు పట్టుకున్న పంచాయతీ సిబ్బంది చేతిలో ఉంటుంది. ఫుకుషిమా ప్రమాదంలో ఎక్కువ ప్రాణాలు పోయింది ఇక్కడే.

అక్కడ ఖాళీ చేయమన్న పరిధి ఒక్క రోజులో 2 కిలోమీటర్ల నుంచి 3కు, 10కి, ఆ తర్వాత 20కి పెరిగింది. రెండు మూడుసార్లు ఊళ్లు మారిన కుటుంబాలున్నాయి. మొత్తం లక్షన్నర మందికి పైగా ఇల్లు వదిలారు. రేడియేషన్ జబ్బుతో అప్పటికప్పుడు చనిపోయినవారు లేరు. కానీ 20 కిలోమీటర్ల లోపలి ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల నుంచి తరలించిన రోగుల్లో కనీసం 60 మంది ఆ నెలలోనే చనిపోయారు. మంచం దిగలేని వాళ్లను మామూలు బస్సుల్లో, తోడు డాక్టరు లేకుండా, గంటల తరబడి తిప్పారు. తర్వాతి ఏళ్లలో ఆ జిల్లాలో విపత్తు ప్రభావంతో పోయినవారిగా గుర్తించిన వారి సంఖ్య 2,300 దాటింది.

సహాయాన్ని నడిపించాల్సిన ఆఫ్‌సైట్ సెంటర్ కేంద్రానికి 5 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కరెంటు, ఫోన్లు లేక, రేడియేషన్‌ను అడ్డుకునే ఫిల్టర్లు లేక నాలుగు రోజులకే దాన్నీ వదిలేశారు. గాలి ఎటు వీస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ ఉన్నా ఆ అంచనాలు ఊళ్లకు సమయానికి చేరలేదు. నమీఏ పట్టణ ప్రజలు వేల సంఖ్యలో వాయవ్య దిక్కున ఉన్న త్సుషిమాకు వెళ్లారు. రేడియేషన్ మేఘం ఎక్కువగా వెళ్లింది అటే. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఇటాటే గ్రామంలో చాలా భాగం ఏ పరిధిలోనూ లేదు. దాన్ని ఖాళీ చేయాలని ప్రకటించింది ఏప్రిల్ 22న. పటం మీద గీసిన గుండ్రటి గీతను గాలి పట్టించుకోదు.

చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున పేలుడు జరిగితే, పక్కనే ఉన్న ప్రిప్యాట్ పట్టణాన్ని సుమారు 36 గంటల తర్వాత ఖాళీ చేయించారు. ఎక్కువ కాలం వెంటాడిన హాని ఇంకో దారిలో వచ్చింది. గడ్డి మీద పడ్డ అయోడిన్-131 ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరింది. దాని రేడియోధార్మికత 8 రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది. ఆ కొన్ని వారాలు తాజా పాలు ఆపగలిగితే చాలా మేలు జరిగేది. పోలండ్ ఏప్రిల్ 29 నుంచే రేడియోధార్మికత లేని మామూలు అయోడిన్ పంపిణీ మొదలుపెట్టి కోటి మందికి పైగా పిల్లలకు అందించింది, పశువులకు పచ్చిమేత, పిల్లలకు తాజా పాలు ఆపింది. ఈ అయోడిన్ రేడియేషన్‌కు విరుగుడు కాదు. మేఘం రాకముందు, లేదా వచ్చిన కొన్ని గంటల్లోపు వేసుకుంటే థైరాయిడ్‌ను మాత్రమే కాపాడుతుంది. అందుకే మాత్ర ఏ గోడౌన్‌లో ఉంది, ఇంటికి ఎన్ని గంటల్లో చేరుతుంది అన్నదే అసలు లెక్క.

ఈ అనుభవాలతో జపాన్ పద్ధతి మార్చింది. 5 కిలోమీటర్ల లోపు వాళ్లు కేంద్రం పరిస్థితి చూసి విడుదలకు ముందే కదలాలి. 30 కిలోమీటర్ల దాకా ఉన్నవాళ్లు ముందు ఇళ్లలో తలుపులు మూసుకుని ఉండి, కొలతలను బట్టి కదలాలి. 2024 జనవరి 1న నోటో భూకంపం దీనికీ పరీక్ష పెట్టింది. అక్కడి షికా అణు కేంద్రం 2011 నుంచి నడవడం లేదు కాబట్టి పెద్ద ముప్పు రాలేదు. కానీ రోడ్లు తెగి ఊళ్లు విడిపోయాయి, ఇళ్లు కూలాయి. కదలడానికి దారి లేదు, దాక్కోవడానికి ఇల్లు లేదు.

మన తీరంలో ఈ లెక్క

మన దేశంలో అణు కేంద్రం చుట్టూ అత్యవసర ప్రణాళిక పరిధి 16 కిలోమీటర్లుగా ఉంటూ వచ్చింది. త్రీ మైల్ ఐలాండ్ తర్వాత అమెరికా పెట్టుకున్న 10 మైళ్లు కూడా ఇంతే దూరం. గేటు బయటి చర్యలకు జిల్లా కలెక్టర్ బాధ్యుడు. రెండేళ్లకోసారి ఆఫ్‌సైట్ మాక్ డ్రిల్ జరగాలి.

కొవ్వాడకు అనుకున్న ఏపీ-1000 రకం రియాక్టర్ బలం కరెంటు లేకపోయినా, సిబ్బంది ఏమీ చేయకపోయినా 72 గంటలు తనను తాను చల్లబరుచుకునే ఏర్పాటు. కంటైన్‌మెంట్ పైన ఉండే ట్యాంకు నీరు బరువుతోనే కిందికి జారుతుంది. ఫుకుషిమాతో పోలిస్తే ఇది నిజంగా పెద్ద తేడా. అయితే మూడో రోజు తర్వాత నీరు మళ్లీ నింపాలి. అక్కడే తీరం స్వభావం లెక్కలోకి వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని తాకినప్పుడు స్తంభాలు నేలకూలి, కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంపడి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 72 గంటలు చాలా ఎక్కువ అనిపించేది రోడ్డు ఉన్నప్పుడే.

తుపాను తరలింపులో ఉత్తరాంధ్ర యంత్రాంగానికి మంచి అనుభవం ఉంది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత రాష్ట్రం ఆ పని నేర్చుకుంది. ఆ అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. తుపానుకు రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక ఉంటుంది, అణు ప్రమాదానికి గంటలే ఉండవచ్చు. తుపానుకు కచ్చా ఇల్లు వదిలి దగ్గర్లోని షెల్టర్‌కు వెళ్లమంటారు. ఇక్కడ కొందరిని వెళ్లమని, కొందరిని తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండమని ఒకేసారి చెప్పాలి. పక్క ఊరు బయల్దేరుతుంటే తమను మాత్రం ఉండమనే మాటను జనం నమ్మాలంటే ఆ మాట చెప్పే మనిషి మీద నమ్మకం ముందే ఉండాలి. తలుపులు మూసినా గాలి ఆగని రేకుల షెడ్డుకూ పాకకూ ఆ సలహా ఎలా వర్తిస్తుందో కూడా ప్రణాళికే చెప్పాలి. వేటకు వెళ్లిన పడవలకు కబురు ఎలా అందుతుంది? అదే మండలంలో పైడిభీమవరం ఫార్మా పరిశ్రమలున్నాయి. వాటిలో రసాయన చర్యలను మధ్యలో వదిలేసి షిఫ్టు మొత్తం వెళ్లిపోలేదు. ఆ యూనిట్లను ఎవరు, ఏ క్రమంలో ఆపుతారు?

2020 మే 7న విశాఖ పక్కన వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో తెల్లవారుజామున స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు హెచ్చరిక సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచినవాళ్లు ఎటు పరుగెత్తాలో తెలియక పరుగెత్తారు. అణు కేంద్రం నిబంధనలు వేరు, పర్యవేక్షణ వేరు. కానీ సైరన్ మోగాల్సిన ఊళ్లు అలాంటివే.

కొవ్వాడలో ఇంకా రియాక్టర్లకు పునాది పడలేదు. జనరేటర్లు ఎంత ఎత్తున ఉండాలి, ఆవరణకు రెండో రోడ్డు ఎటు నుంచి రావాలి, అత్యవసర కేంద్రం 16 కిలోమీటర్ల లోపల ఉండాలా బయట ఉండాలా, అయోడిన్ మాత్రలు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి, ప్రతి ఊళ్లో మంచం పట్టిన వారి జాబితా ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఇప్పుడు కాగితం మీద మార్చగలిగిన విషయాలు. ఆ జాబితాను ప్రతి ఏడాదీ సరిచూసుకుని, వానాకాలం రాత్రి కరెంటు తీసేసి ఒక డ్రిల్ చేస్తే, ఏ రోడ్డు మునుగుతుందో, ఏ ఊరికి సైరన్ వినపడదో ప్రమాదం రాకముందే తెలిసిపోతుంది.